కార్డుకు ఒకవైపు బొమ్మ, రెండోవైపు తెలుగు
(రాయ్‌పూర్‌లో మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పింఛను పుచ్చుకునే వయసులో ఈ బొమ్మల కార్డుల పిచ్చి ఏమిటండీ?" అని మనవాళ్లు కొందరు అడుగుతుంటారు. ఈ నాలుగు మాటలూ వారికి నా జవాబు.

పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియాలో పుట్టింది. మన దేశంలోకి 1879 జూలై 1న కాలణా ధరకు వచ్చింది. ఉత్తరం విలువ ఫౌజీకి ఒకరు చెప్పనక్కరలేదు. 56 ఏపీఓ, 99 ఏపీఓ చిరునామాల మీదే మన సంసారాలు నడిచాయి. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, కబుర్లకు కార్డు అక్కరలేదు. కానీ ఉన్న ఊరిని చూపించడానికి, దాచుకోవడానికి దానికి సాటి లేదు. తరచూ బదిలీలయ్యే మనకు ఇంతకన్నా తేలికైన సేకరణ ఏముంటుంది? ట్రంకుపెట్టెలో ఒక మూలన యాభై ఊళ్లు పడతాయి!

రాయ్‌పూర్‌లో స్థిరపడ్డాక ఇక్కడి విశేషాలు కార్డులుగా పంపడం మొదలుపెట్టాను. దుకాణాల్లో బొమ్మల కార్డులు సులువుగా దొరకవు. అందుకని ఫోటో తీసి, కార్డు సైజులో ప్రింటు వేయించి, అట్టకు అంటించి, స్టాంపు అతికిస్తాను.

నేను పంపిన మొదటి కార్డు సిర్‌పూర్ లక్ష్మణ మందిరం. 7వ శతాబ్దపు ఇటుకల గుడి. భర్త హర్షగుప్తుని స్మృతిగా రాణి వాసట కట్టించింది. మరొకటి కొండగావ్ ఢోక్రా బొమ్మ. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది కనుక ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకలా ఉండవు.

ఇక బస్తర్ దసరా. 75 రోజుల పండుగ. రావణ దహనం ఉండదు, అంతా దంతేశ్వరి అమ్మవారి ఉత్సవమే. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఇక్కడి వంశ సంప్రదాయం. అంతకు ముందే, 11వ శతాబ్దంలో, బార్సూరులో తెలుగు శాసనం వేయించారు. చిత్రకూట్ జలపాతం నుంచి దూకే ఇంద్రావతి చివరికి కలిసేది మన గోదావరిలోనే. మరి మనం ఇక్కడ పరాయివాళ్లమా?

అసలు సంగతికి వస్తాను. కంటోన్మెంట్లలో పెరిగిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మా అబ్బాయీ అంతే. పుణేలో ఉన్న వాడి కూతురికి ప్రతి కార్డు వెనకా పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు తెలుగులో రాస్తాను. మొదట్లో పక్కింటి తెలుగావిడ చేత చదివించుకునేది. తరవాత ఆవిడ దగ్గరే అక్షరాలు నేర్చుకుంది. పోయిన సంవత్సరం శనివార్‌వాడా కార్డు పంపింది. వెనక తెలుగులో, "తాతయ్యా, బార్సూరు శాసనం నేను చదవగలనా?" అని ఉంది. "ఆ లిపి పాతదమ్మా, భాష మాత్రం మనదే" అని జవాబు రాశాను.

2005లో పోర్చుగల్‌లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్ ద్వారా ముక్కూ మొహం తెలియని వాళ్లు దేశదేశాల మధ్య కార్డులు మార్చుకుంటున్నారు. సర్వీసులో ఉన్నవారికి విదేశీయులతో ఉత్తరాల విషయంలో నిబంధనలుంటాయి కాబట్టి మనం మనలో మనమే మొదలుపెడదాం.

ప్రతి సభ్యుడూ తానున్న చోటి నుంచి ఏడాదికి నాలుగు కార్డులు పంపాలి. గుడి, చేతిపని, పండుగ, వంటకం, ఏదైనా సరే. యూనిట్ పేరు, సైనిక స్థావరాల ఫోటోలు మాత్రం వద్దు. వెనక ఆ బొమ్మ ఏమిటో, ఎక్కడిదో తెలుగులో రాయండి. కవరులో పెట్టకండి. తపాలా ముద్ర పడితేనే ఆ కార్డు ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. చిరునామా మాత్రం పెద్దల పేరున కాక పిల్లల పేరున రాయండి. వచ్చే వార్షికోత్సవంలో ఆ కార్డులన్నీ ఇక్కడ ప్రదర్శిద్దాం. వాటిని పిల్లలే చదివి వినిపించాలి.

సెలవు. జై హింద్!