చేయి పట్టి దిద్దించు యంత్రములు



పక్షవాతము వచ్చినవానికి చేయి పోయినదని లోకులందురు. నిజమునకు చెడినది చేయి గాదు. చేతికి ఆజ్ఞ నొసగు మెదడులోని భాగము. నాలుగేండ్ల క్రిందట నా కుడిచేయి ఇట్లే పడిపోయినది. బాలురచే అక్షరములు దిద్దించుచు జీవితము గడపిన నేను నా పేరు వ్రాయలేకపోతిని. నా మేనల్లుడు ప్రతిదినము నా వ్రేళ్లను ముడిచి విప్పుచుండెను. నేను కిటికీవైపు చూచుచుంటిని. ఒకనాడు వైద్యుడది కనిపెట్టి, “మాస్టరుగారూ, అతడు కదపుచున్నాడు సరే, మీరు కదపవలెనని తలచుచున్నారా?” అని యడిగెను.

ఈ ప్రశ్ననే నేడు యంత్రములును అడుగుచున్నవి. మెదడు పనిచేయునపుడు అందు సూక్ష్మమగు విద్యుత్తు పుట్టును. జర్మనీ దేశపు యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని మెదడునుండి దానిని తొలిసారి నమోదుచేసి, 1929లో ప్రకటించెను. 2021లో అమెరికా ప్రభుత్వము పక్షవాత రోగులకై అనుమతించిన యొక పరికరము ఈ విద్యుత్తుపైననే ఆధారపడినది. రోగి తలకు పట్టీ ధరించి, చేయి తెరవవలెనని తలచును. ఆ తలపు గుర్తు కానవచ్చినపుడు చేతికి తొడిగిన యంత్రము వ్రేళ్లను తెరచును.

రెండవ తెగ మరమనుష్యులది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మాయా మాటారిచ్ అను ఆచార్యురాలును, ఆమె శిష్యులును నిర్మించిన యిట్టి యంత్రములు రోగిని తాకవు. చెంత నుండి, అభ్యాసమును కనిపెట్టి, మరల చేయుమని ప్రోత్సహించును.

మొదటిది చేయి పట్టి దిద్దించు గురువు. రెండవది ప్రక్కన నిలిచి హెచ్చరించు గురువు. శిష్యుని పని మాత్రము రెండును చేయజాలవు. మెదడు క్రొత్త త్రోవలు వేసికొనుటకు పలుమారులు బుద్ధిపూర్వకముగా చేసిన అభ్యాసము మిక్కిలి తోడ్పడును. అట్లు చేసినను అందరి చేతులును పూర్తిగా తిరిగి రావు. ఈ సత్యమును దాచరాదు.

ఆ యంత్రములు మా యింటికి రాలేదు. కాని నా మేనల్లుడిపుడు నా వ్రేళ్లను ముట్టుటకు ముందు, “మామయ్యా, తలచితిరా?” అని యడుగును. “తలచితి”నన్న పిమ్మటనే కదపును. మొన్న పలకపై ‘అ’ వ్రాసితిని. వంకరగా నున్నది, నా బడిలోనైన మరల దిద్దుమందును. దిద్దుచున్నాను.

మీ యింట నిట్టి రోగి యున్నచో, చేయి యెత్తుటకు ముందు ఆ మాట అడుగుడు. సెలవు.