బదులు పలికే ప్రేక్షకుడు

వినోద సంస్కృతి ప్రజాజీవితాన్ని ఎలా మలిచిందన్న చర్చకు నన్ను అధ్యక్షత వహించమన్నారు. ఈ చర్చకు చార్మినార్ పరిసరాలను మించిన చోటు లేదు. 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ ఉర్దూ కవి. వసంతోత్సవం మీద, వానకారు మీద, పండుగల మీద కవిత్వం చెప్పిన పాలకుడాయన.

వినోదం ప్రజాజీవితాన్ని పాడుచేసిందని తరచూ వింటుంటాం. నేను ఆ మాట ఒప్పుకోను. వీధిభాగోతం, ఒగ్గుకథ, కవ్వాలీ, బోనాల ఊరేగింపు లేకపోతే జనం ఒకచోట చేరేవారే కారు. మనం అడగవలసింది ఒక్కటే: ఆ వినోదం చూసేవాడికి బదులు పలికే హక్కు ఇస్తున్నదా, లేదా?

ఉర్దూ కవిసభ అయిన ముషాయిరానే తీసుకోండి. కవి మొదటి పాదం చదువుతాడు, మళ్ళీ చదువుతాడు. శ్రోతలు దాన్ని అందుకుంటారు. నచ్చితే ‘ముకర్రర్’ అంటూ ఇంకోసారి చదివిస్తారు. షేర్ అనే ద్విపద చివర రాబోయే ప్రాసను పసిగట్టి, కవి నోట వెలువడకముందే సభంతా ఒక్క గొంతుతో పలుకుతుంది. నచ్చకపోతే ఆ మౌనమే తీర్పు. 1962లో పుట్టిన జిందాదిలానె హైదరాబాద్ సంస్థ, 1968లో మొదలైన ‘షగూఫా’ పత్రిక హాస్యానికి ఇక్కడ గౌరవస్థానం తెచ్చాయి. సులేమాన్ ఖతీబ్ వంటి దక్కనీ కవులు అత్తాకోడళ్ళ పోరునూ పెళ్ళి బేరాలనూ జనం యాసలోనే చెప్పి నవ్వించారు. వారి ముషాయిరాలో నవ్వినవాడు తన ఇంటిని తలచుకునే నవ్వాడు.

ఇప్పుడు తెర వైపు చూద్దాం. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమా కోసం నగర శివారులో చార్మినార్ సెట్టు వేశారు. ఇంత రద్దీలో రోజుల తరబడి చిత్రీకరణ సాధ్యం కాదు మరి. చుట్టుపక్కల డాబాలతో సహా నిలబెట్టిన ఆ కళానైపుణ్యానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కాని మూసీ దాటి ఎన్నడూ ఇటు రాని ఎందరో తెలుగువారికి ఆ సెట్టే పాతబస్తీ అయింది. చాలాకాలం మన సినిమాల్లో ఈ బస్తీ రెండే రూపాల్లో కనిపించింది: కత్తులు దూసే గల్లీ, లేదా నవ్వుకోవడానికి పనికొచ్చే యాస. లాడ్‌బజార్ వెనక గదుల్లో నిప్పుల సెగకు లక్కను మెత్తబరిచి, వేడి ఆరేలోపు గాజు మీద ఒక్కొక్క రాయీ అద్దే చేతులు ఆ తెర మీదికి రాలేదు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, కొలువుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఈ చిరునామా మీద పడే అనుమానపు చూపులో తెర నేర్పిన పాఠం కూడా ఉంది. అయితే తక్కువ ఖర్చుతో దక్కనీలో తీసిన ‘ది అంగ్రేజ్’ సినిమా వచ్చాక చార్మినార్ దగ్గర ముచ్చట్లు పెట్టుకునే ఇస్మాయిల్ భాయ్ బృందం ఇంటింటికీ పరిచయమైంది. పక్కపాత్రలకే పరిమితమైన యాస కథ మొత్తాన్నీ నడిపింది.

రాజకీయాల్లోనూ తెర ప్రభావం ఉంది, కాని ఫలితాన్ని తేల్చేది అదొక్కటే కాదు. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించిన ఎన్.టి. రామారావు 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. తెర మీద రాముడూ కృష్ణుడూ అయిన మనిషి చైతన్యరథమనే ప్రచార వాహనం మీద ఊరూరా ప్రత్యక్షం కావడం ఆ గెలుపుకు ఒక కారణం. ఢిల్లీ పెద్దలు ముఖ్యమంత్రులను వరసగా మార్చడం వల్ల రగిలిన ఆత్మాభిమానం మరో కారణం. 2009లో చిరంజీవి సభలకూ జనం పోటెత్తారు. అయినా ఆయన పార్టీ ప్రజారాజ్యం గెలిచింది 294 అసెంబ్లీ స్థానాల్లో 18 మాత్రమే. చూడటానికి వచ్చిన జనం ఓటు వేసేటప్పుడు తమ లెక్క తాము వేసుకున్నారు. కాబట్టి ప్రేక్షకుణ్ణి అమాయకుడనుకోవద్దు.

అయితే అయిదేళ్ళకోసారి చెప్పే బదులు చాలదు. ఇవాళ వార్త కూడా నేపథ్య సంగీతంతో వస్తున్నది. టీవీ చర్చలో గొంతు పెద్దదైనవాడిదే పైచేయి. ఫోన్‌లో అర నిమిషం వీడియోకు మనమిచ్చే జవాబు ఒక లైకు. నాయకుణ్ణి హీరోలా కొలవడం అలవాటైతే, వానకు మా గల్లీ ఎందుకు మునిగిందని నిలదీయడానికి నోరు రాదు. అభిమానికి జేజేలు చాలు. నిలదీయవలసింది పౌరుడు.

వినోదమే పౌరులను తయారుచేసిన సందర్భాలూ మన దగ్గరే ఉన్నాయి. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం అనే ఆటపాటల వేదిక మీద పాట ఎత్తుకున్నది ఒకరైతే, కోరస్ అందుకున్నది మైదానమంతా. ఆ గొంతులే తర్వాత ఊళ్ళలో సభలు పెట్టాయి, నీళ్ళనూ నియామకాలనూ అడిగాయి.

అందుకే ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను. దక్కనీ హాస్య కవిత్వాన్ని తెలుగు లిపిలోకి, తెలుగు అనువాదంలోకి తీసుకురండి. సినిమా సమీక్ష రాసేటప్పుడు నటన, వసూళ్ళతో ఆగకుండా, ఏ బస్తీని ఎలా చూపారో, ఎవరిని వదిలేశారో కూడా రాయండి. కాలేజీల్లో ముషాయిరానూ తెలుగు కవిసమ్మేళనాన్నీ ఒకే వేదిక మీద జరపండి. కవిని ఆపి అడిగే అలవాటు పిల్లలకు అక్కడే అబ్బుతుంది. సభలో కవిని అడగడం నేర్చినవాడు రేపు తన కార్పొరేటర్‌నూ అడుగుతాడు. ఆ నమ్మకంతోనే సదస్సును ప్రారంభిస్తున్నాను. పత్రాలు చదివే ప్రతి ఒక్కరినీ నిర్భయంగా ప్రశ్నించమని సభికులను కోరుతున్నాను.