పెద్ద టైర్ల ట్రాక్టరుకు పవర్ స్టీరింగు



రామగుండం, గోదావరిఖని వైపు వెళ్ళినవారు ఓపెన్‌కాస్టు గనులలో మట్టి, బొగ్గు మోసే పెద్ద డంపర్లను చూసే ఉంటారు. వాటి టైర్లు మనిషికంటే ఎత్తు. అయినా డ్రైవరు వాటిని సునాయాసంగా తిప్పుతాడు. మన బెల్లంపల్లి ప్రాంతంలోనేమో, ముందు టైర్లు ఒక సైజు పెంచిన ట్రాక్టరుతో బురద దున్నిన మనిషికి పొద్దుగూకేసరికి భుజాలు పడిపోతాయి. ఈ తేడా ఎందుకు వచ్చింది? డంపరులో చక్రాన్ని తిప్పేది చేతిబలం కాదు, నూనె ఒత్తిడి. దానినే పవర్ స్టీరింగు అంటున్నాం. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే దీనిని మోటారు బండికి అమర్చి చూపించాడు. ఇప్పుడు కొత్త ట్రాక్టర్లు చాలావాటికి ఇది అమర్చే వస్తున్నది. పాత ట్రాక్టరుకు దీనిని పెట్టించదలచినవారు ఏమి చూసుకోవాలో ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా, పెద్ద టైరు ఎందుకు బరువుగా తిరుగుతుంది? రెండు చక్రాలకే శక్తి అందే ట్రాక్టర్లలో చాలావాటికి ముందు టైరు 6.00-16 ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలో. మెత్తని నేలలో దిగబడకుండా కొందరు 7.50-16 వేయిస్తారు. దిగబడటం తగ్గే మాట నిజమే. కాని టైరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది గనుక, తిప్పేటప్పుడు అంత రాపిడినీ చెయ్యి గెలవాలి. కొత్త రిమ్ము టైరును బయటకు జరిపితే బరువు ఇంకా పెరుగుతుంది. నాలుగు చక్రాల ట్రాక్టరుకైతే ముందు టైర్లు మాత్రమే మార్చడం అసలే కూడదు. ముందు వెనుక చక్రాల పరిమాణాలకు గేర్లలో ఒక లెక్క ఉంటుంది, అది చెడిపోతుంది.

డబ్బు ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి. గాలి సరిగా ఉన్నదా చూడండి. కింగ్ పిన్నులకు గ్రీజు పెట్టండి. బుష్షులు, బాల్ జాయింట్లు అరిగితే మార్చండి. ముందు చక్రాల టో-ఇన్ ట్రాక్టరు పుస్తకంలో చెప్పినంత ఉంచండి. సగం బరువు ఇక్కడే తీరిపోవచ్చును. అప్పటికీ తిరగకపోతేనే పవర్ స్టీరింగు మాట ఎత్తండి.

ఇందులో నాలుగు భాగాలున్నాయి: నూనె డబ్బా, పంపు, స్టీరింగు కింద ఉండే వాల్వు, ముందు ఇరుసు దగ్గర సిలిండరు. సిలిండరు ఎంత లావైతే అంత బలం. ఉదాహరణకు నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు అనుకుందాం. 40 మిల్లీమీటర్ల సిలిండరు సుమారు 1,260 కిలోల బలంతో నెడుతుంది. 50 మిల్లీమీటర్లదైతే 1,960 కిలోలు. అయితే 50దే కొందామని తొందరపడకండి. లావు సిలిండరు నిండటానికి నూనె కూడా అదే వంతున ఎక్కువ కావాలి. వాల్వు చుట్టుకు 80 సీసీల నూనె వదిలేదై, సిలిండరు కదలిక 20 సెంటీమీటర్లయితే, చిన్నదానికి ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 3 చుట్లు తిప్పాలి, పెద్దదానికి 5 చుట్లు. గట్టు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఈ రెండు చుట్లే ఆలస్యం చేస్తాయి. పెద్ద వాల్వు పెడితే చుట్లు తగ్గుతాయి గాని, ఇంజను ఆగినప్పుడు తిప్పడం మరీ బరువవుతుంది. కాబట్టి ఏదో పెద్ద యంత్రం పాత పంపు చవకగా దొరికిందని, దానికి ఇంకొక బండి సిలిండరు తగిలించవద్దు. మీ మోడలుకే కొలతలు కట్టిన పూర్తి సెట్టు అడగండి.

ఇక అసలు మాట. పవర్ స్టీరింగు బరువును మాయం చేయదు, మీ చేతికి తెలియకుండా చేస్తుంది, అంతే. ఆ బలమంతా టై రాడ్డు, స్టీరింగు ఆర్ము, ఇరుసు మీదనే పడుతుంది. ఇంతకుముందు చక్రం రాయికి తట్టుకుంటే మీ చెయ్యి ఆగేది. ఇప్పుడు నూనె ఆగదు, రాడ్డే వంగుతుంది. అందుచేత స్టీరింగు ఆర్మును వెల్డింగు పెట్టి వాడవద్దు. చక్రం చివరికంటా తిరిగినప్పుడు ఇరుసు మీది స్టాపరు ముందుగా తగలాలి, టైరు ఎక్కడా రాసుకోకూడదు. చివరికి వచ్చాక కీచుమని శబ్దం వస్తే రిలీఫ్ వాల్వు తెరుచుకున్నదన్నమాట. అలాగే పట్టి ఉంచితే నూనె కాగిపోతుంది, వెంటనే కొంచెం వదలండి.

బిగించిన తరువాత లోపలి గాలి తీయాలి. వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, కింద గట్టి ఆధారం ఉంచి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ స్టీరింగును ఆ చివరకూ ఈ చివరకూ పలుమార్లు తిప్పండి. డబ్బాలో నురుగు ఆగేదాకా తిప్పి, తరిగిన నూనె పోయండి. పుస్తకంలో చెప్పిన నూనె తప్ప వేరొకటి కలపవద్దు. గొట్టం కారుతున్నదని అనుమానమైతే చెయ్యి పెట్టి వెదకవద్దు. సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

పత్తి ట్రాలీతో దిగుడు రోడ్డు మీద వస్తూ, డీజిలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రలులో వదిలే అలవాటు కొందరికున్నది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. ట్రాక్టరుకు పెట్టే ఈ రకంలో స్టీరింగుకూ చక్రానికీ మధ్య రాడ్డు లేదు, నూనె ఒక్కటే ఉన్నది. అప్పుడు మీ చేతులే ఆ నూనెను నెట్టాలి. వెనుక టన్నుల బరువు, ముందు మలుపు, చేతిలో తిరగని స్టీరింగు! గుక్కెడు డీజిలు కోసం ఇంటి మనిషిని పణం పెట్టకండి. ట్రాక్టరును జీతగాడికి గాని కొడుక్కి గాని అప్పగించేటప్పుడు ఈ ఒక్కమాట తప్పక చెప్పండి.

చివరగా, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉన్నది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించినవాటికి భిన్నమయ్యేటట్టు బండిని మార్చకూడదని దాని సారాంశం. అందుకని టైరు సైజుగాని స్టీరింగుగాని మార్చేముందు డీలరునూ, రవాణా కార్యాలయాన్నీ, బీమావారినీ అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

ఈ వానాకాలం మీ ట్రాక్టరు తేలికగా తిరగాలని, దానిని తిప్పే మనిషి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలని కోరుతూ, సెలవు.