లింకన్‌కు లేఖ రాసిన మిల్లు కార్మికులు

 

చరిత్ర చదివిన మీకు అబ్రహాం లింకన్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఆయనకు లేఖ రాసినవాళ్ల గురించి చెబుతాను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించింది. ఇంగ్లాండులోని లాంకషైర్ మిల్లులకు కావలసిన పత్తిలో చాలా భాగం అక్కణ్ణుంచే వచ్చేది. బానిసల చేత ఏరించిన పత్తి అది. 1862 చివరికి ఎన్నో మిల్లులు మూతపడి, లక్షల మంది సహాయ నిధుల మీద బతకాల్సి వచ్చింది. పని దొరికినవాళ్లకూ సుఖం లేదు. దానికి బదులుగా మన దేశం నుంచి వెళ్లిన సూరత్ పత్తిది పొట్టి పింజ. మరమగ్గం మీద పోగు మాటిమాటికీ తెగేది. నేసిన గుడ్డను బట్టే కూలి గనుక, పోగు అతికించుకుంటూ కూర్చున్నంతసేపూ చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

ఆ ఏడాది డిసెంబర్ 31న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో జరిగిన సభలో కార్మికులు లింకన్‌ను సమర్థిస్తూ, బానిసత్వాన్ని పూర్తిగా తుడిచిపెట్టమని కోరుతూ లేఖ ఆమోదించారు. దిగ్బంధం వల్ల పస్తులున్నవాళ్లే దాన్ని విధించినవాడి పక్షాన నిలిచారు! 1863 జనవరి 19న లింకన్ వాళ్లకు జవాబు రాశాడు. మరుసటి నెలలో జార్జ్ గ్రిస్వోల్డ్ అనే ఓడ అమెరికా నుంచి పిండి బస్తాలతో లివర్‌పూల్ చేరింది.

ఇక్కడితో ఆపితే కథ ముచ్చటగానే ఉంటుంది. కానీ అది చరిత్ర అనిపించుకోదు. అదే లాంకషైర్‌లో దక్షిణాదికి మద్దతుగానూ సభలు జరిగాయి. 1863 మార్చిలో, మాంచెస్టర్ దగ్గరి స్టేలీబ్రిడ్జ్‌లో, సహాయం డబ్బుగా కాక టికెట్ల రూపంలో ఇస్తామనేసరికి జనం తిరగబడ్డారు. సైనికులు దిగాల్సి వచ్చింది. ఆ లేఖను తలచుకుని పొంగిపోయేవాళ్లు ఈ అల్లర్లను దాటేయడం నాకు నచ్చదు. అవమానాన్ని సహించలేకపోవడమూ ఆత్మగౌరవమే కదా.

ఆనాటి కార్మికుల్లో అత్యధికులకు ఓటు లేదు. కార్మికులు ఓటుకు తగినవాళ్లేననడానికి లాంకషైర్ కార్మికుల నిగ్రహాన్ని గ్లాడ్‌స్టన్ వంటి నాయకులు ఉదాహరణగా చూపించారు. 1867 చట్టంతో పట్టణాల్లోని చాలామంది మగ కార్మికులకు ఓటు వచ్చింది. నూలు మిల్లుల్లో సగానికి పైగా ఉన్న ఆడవాళ్ల మాటేమిటి? మగవాళ్లతో సమానంగా ఓటు రావడానికి 1928 దాకా పట్టింది. ఆ పత్తి కరువు రోజుల్లో ఆ ఆడవాళ్లు ఏ పక్షాన ఉన్నారో, ఇళ్లలో ఏం వాదించుకున్నారో మీలో ఎవరైనా వెతికి రాస్తే చదవాలని ఉంది.