వర్ణవివక్షకు ఎదురు నిలిచిన చరిత్ర – మన సీమకు దాని పాఠాలు

(చిత్తూరులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఎట్లా వేళ్ళూనింది, దానిని ప్రజలు ఎట్లా పెకలించారు అనే విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. సముద్రాల అవతల జరిగిన చరిత్ర మనకెందుకని యువకులు కొందరు అడగవచ్చు. ఆ చరిత్రలో మన సీమ మనుషులున్నారు. తెలుగు మాట్లాడినవారున్నారు, కలిమా చదివినవారున్నారు. కనుక అది కొంతవరకు మన ఇంటి చరిత్రే.

మేము జీవితంలో ఎక్కువ కాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపినవారము. రిజిస్టర్లు, ఫైళ్ళు, దరఖాస్తులు మాకు అన్నం పెట్టాయి. అందుచేత ఈ కథను కూడా ఒక రిజిస్టరు నుంచే ఆరంభిస్తాము.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి 342 మందిని తీసుకొని నేటాల్‌లోని డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల తెల్లదొరలకు కూలీలు కావలసివచ్చారు. నాటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు ఇండియా నుంచి నేటాల్‌కు తరలివెళ్ళారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. ఓడ పట్టీలలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం రాశారు. జిల్లా అన్న కాలమ్‌లో ఉత్తర ఆర్కాటు అన్న పేరు పదేపదే కనిపిస్తుంది. ఆనాడు చిత్తూరు పట్టణమే ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. చంద్రగిరి, పలమనేరు, పుంగనూరు, కాళహస్తి ప్రాంతాలు దాని కిందనే ఉండేవి. చిత్తూరు జిల్లా ప్రత్యేకంగా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అదే సంవత్సరం జులై 1 నుంచి నేటాల్‌కు ఒప్పంద కూలీలను పంపడాన్ని భారత ప్రభుత్వం నిలిపివేసింది. అంటే మన జిల్లా పుట్టేనాటికే మన పూర్వులలో అనేకులు అక్కడికి చేరిపోయారు.

వారు సంతోషంతో వెళ్ళలేదు. వాన నమ్ముకొన్న సీమ మనది. 1876 నుంచి 1878 వరకు సాగిన ధాతు కరువు ఈ ప్రాంతాన్ని ఎట్లా పీల్చివేసిందో మన పెద్దలు చెప్పగా విన్నవారు ఇంకా ఉన్నారు. ఆకలి ముందు నడిచింది, మనిషి వెనుక నడిచాడు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల కూలి, తరువాత ఏటా ఒక్క షిల్లింగు పెంపు. తోట దాటి అడుగు పెట్టాలంటే యజమాని చేతి చీటీ ఉండాలి. ఆ కూలీలలో హిందువులతో పాటు ముస్లింలూ ఉన్నారు. డర్బన్‌లో నేటికీ ప్రజలు దర్శించే బాద్‌షా పీర్ సమాధి, మద్రాసు వైపు నుంచి ఒప్పంద కూలీగా వెళ్ళిన షేక్ అహమద్ అనే పుణ్యపురుషునిదని అక్కడి సంప్రదాయం చెబుతున్నది. తెలుగువారు తమ భాషను, పండుగలను నిలుపుకోవడానికి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు.

ఒప్పందం తీరిన కూలీ స్వతంత్రుడై స్థిరపడడం తెల్లవారికి కంటగింపయింది. 1895లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిసిన తరువాత తిరిగి ఒప్పందానికి లొంగనివాడు, స్వదేశానికి పోనివాడు ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. నెలకు పదీ పదిహేను షిల్లింగులు సంపాదించే కుటుంబానికి అది నాలుగు నుంచి ఆరు నెలల సంపాదన. పన్ను పేరుతో మనిషిని మళ్ళీ తోటలోకి నెట్టే ఉపాయం అది.

ఇక ట్రాన్స్‌వాల్‌లో భారతీయులందరూ వేలిముద్రలిచ్చి పత్రాలు తీసుకోవాలని ఆదేశించారు. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటరులో జరిగిన సభలో హాజీ హబీబ్ అనే పెద్దమనిషి అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకొని ఆ చట్టానికి లొంగబోమని ప్రమాణం చేద్దామన్నాడు. గాంధీజీ ఆ మాట బరువును సభకు వివరించిన తరువాత అందరూ లేచి ప్రమాణం చేశారు. సత్యాగ్రహానికి అది తొలి మెట్టు. 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా పత్రాలను పెద్ద బానలో వేసి తగులబెట్టారు. వర్తకుడైన అహమద్ మహమ్మద్ కాచలియా పోరాటానికి నాయకత్వం వహించినందుకు అప్పులవాళ్ళ ఒత్తిడికి గురై వ్యాపారాన్నే కోల్పోయాడు, జైలుకు వెళ్ళాడు, వెనుదిరగలేదు.

సోదరీమణులు ఈ తరువాతి సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు చెప్పాడు. హసన్ ఈసప్ అనే ముస్లిం భార్య బాయి మరియమ్‌కు ప్రవేశం నిరాకరించిన కేసు అది. బహుభార్యత్వాన్ని అనుమతించే మతాల ఆచారం ప్రకారం జరిగిన వివాహాలను ఆ దేశ చట్టం గుర్తించదని తీర్పు సారాంశం. ఒక్క కలం పోటుతో వేలాది ముస్లిం, హిందూ స్త్రీల నికాహ్, కల్యాణం చెల్లకుండా పోయాయి. అప్పటి వరకు ఇంటి గడప దాటని స్త్రీలు ఉద్యమంలోకి వచ్చారు. డర్బన్‌కు చెందిన బాయి ఫాత్మా మెహతాబ్ తన తల్లి హనీఫాబాయితో, ఏడేళ్ళ కొడుకుతో వెళ్ళి అరెస్టయింది. న్యూకాజిల్ బొగ్గుగనుల కార్మికులు పని మానారు. 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు కాలినడకన సాగారు. సమ్మె చెరకు తోటలకు పాకింది. 1914లో ఆ ప్రభుత్వం మూడు పౌండ్ల పన్నును రద్దు చేసి, ఏకపత్నీ వివాహాలను గుర్తించింది.

అయితే ఒక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఆ దశలో భారతీయులు తమ హక్కుల కోసమే పోరాడారు. ఆ నేల అసలు వారసులైన ఆఫ్రికన్ల బాధను తమ బాధగా ఎంచలేదు. దాని ఫలితం తరువాత అనుభవించవలసివచ్చింది. తెల్ల ప్రభుత్వం ఒకరిని మెట్టు పైన, మరొకరిని మెట్టు కింద నిలబెట్టి ఇద్దరి మధ్య అసూయను పెంచింది. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకు, భారతీయులకు మధ్య చెలరేగిన అల్లర్లలో 142 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరినీ అణచినవాడు మాత్రం క్షేమంగా ఉన్నాడు.

1948 ఎన్నికల్లో నేషనల్ పార్టీ గెలిచింది. అప్పటి వరకు చట్టాల్లో అక్కడక్కడా ఉన్న వివక్ష అపార్థైడ్ అన్న పేరుతో రాజ్య సిద్ధాంతమయింది. 1949లో తెల్లవారికి, ఇతరులకు మధ్య వివాహాలను నిషేధించారు. 1950లో జనాభా నమోదు చట్టం వచ్చి ప్రతి మనిషినీ ఒక జాతి కింద రిజిస్టరులో ఎక్కించింది. అనుమానం వచ్చినచోట జుట్టులో పెన్సిలు దూర్చి, అది జారిపడితే ఒక జాతి, నిలిచిపోతే మరొక జాతి అని తేల్చిన అధికారులున్నారు. అన్నదమ్ములు వేర్వేరు జాతులుగా నమోదైన ఇళ్ళున్నాయి. జీవితమంతా పెన్సిలు పట్టిన మాకు ఈ విషయం చదివినప్పుడు చేయి వణికింది. అన్యాయానికి తుపాకి ఎంత అవసరమో, అది చెప్పినట్లు కాలమ్ నింపే గుమాస్తా అంతే అవసరం.

అదే ఏడు వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతివారు ఏ వీధిలో ఉండాలో నిర్ణయించింది. డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి భారతీయ, ఆఫ్రికన్ కుటుంబాలను ఖాళీ చేయించారు. తెలుగు, తమిళ కుటుంబాలు అనేకం చాట్స్‌వర్త్ అనే కొత్త కాలనీకి తరలాయి. కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ పేటను 1966లో తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, అరవై వేల మందికి పైగా ప్రజలను వెళ్ళగొట్టి ఇళ్ళను నేలమట్టం చేశారు. మసీదులు మాత్రం నిలిచాయి. నమాజీలు దూరపు కాలనీల నుంచి బస్సులెక్కి వచ్చి ఆ శిథిలాల నడుమ జుమా నమాజు చేస్తూ తమ హక్కును చాటుకొన్నారు.

పోరాటం మాటకొస్తే, 1946లో భూమి కొనుగోలును నిరోధించిన చట్టానికి వ్యతిరేకంగా డాక్టర్ యూసుఫ్ దాదూ, డాక్టర్ మాంటీ నాయకర్ సత్యాగ్రహం నడిపారు. సుమారు రెండు వేల మంది జైళ్ళకు వెళ్ళారు. వైద్య విద్యార్థిని జైనబ్ అస్వాత్ చదువు పక్కన పెట్టి డర్బన్ శిబిరానికి వచ్చింది. అదే సంవత్సరం భారత ప్రభుత్వం ఐక్యరాజ్య సమితిలో ఫిర్యాదు చేసింది. 1947 మార్చి 9న ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమాతో దాదూ, నాయకర్ ఉమ్మడి ఒడంబడిక చేసుకొన్నారు. వేరువేరుగా అర్జీలు పెట్టుకొన్న కాలం అక్కడితో ముగిసింది. 1949 అల్లర్లు కూడా ఆ ఒడంబడికను చెరపలేకపోయాయి. 1955 జూన్ 26న క్లిప్‌టౌన్‌లో అన్ని జాతులవారు కలిసి స్వాతంత్ర్య ప్రణాళికను ఆమోదించారు. 1956లో 156 మందిపై రాజద్రోహం కేసు పెట్టారు, అందరూ చివరకు విడుదలయ్యారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసు చట్టాలకు నిరసన తెలిపిన జనంపై పోలీసులు కాల్పులు జరపగా 69 మంది మరణించారు.

1964లో మండేలాతో పాటు యావజ్జీవ శిక్ష పడినవారిలో అహమద్ కత్రాడా ఒకరు. 26 ఏళ్ళు చెరసాలలో గడిపారు. కేప్‌టౌన్ ఇమామ్ అబ్దుల్లా హారూన్ ఖుత్బాలలో వివక్షను ఖండించి, ఆఫ్రికన్ పేటలకు సహాయం చేరవేసి, 1969లో 123 రోజుల నిర్బంధం తరువాత కస్టడీలోనే కన్నుమూశారు. మెట్లపై నుంచి జారిపడ్డాడన్నారు. ఆయన కుటుంబం యాభై ఏళ్ళకు పైగా వేచింది. 2023లో న్యాయస్థానం చిత్రహింసల వల్లనే చనిపోయాడని తేల్చింది. 1971లో పోలీసు భవనం కిటికీ నుంచి తానే దూకాడని చెప్పిన ఉపాధ్యాయుడు అహమద్ తిమోల్‌ది హత్య అని 2017లో తీర్పు వచ్చింది. న్యాయం ఆలస్యం కావచ్చు. అడిగేవారు అలసిపోకూడదు.

అన్నింటికన్న పెద్ద పరీక్ష 1983లో ఎదురయింది. ప్రభుత్వం భారతీయులకు పార్లమెంటులో ప్రత్యేక సభ ఇస్తామన్నది. ఆఫ్రికన్లకు ఏమీ లేదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో భారతీయ ఓటర్లలో అత్యధికులు పోలింగుకు వెళ్ళలేదు. పొరుగువాణ్ణి బయట నిలిపి మాకు వేసే కుర్చీ మాకొద్దన్నారు. ఈ ఒక్క నిర్ణయంతో వారు ఆ దేశంలో అతిథుల స్థానం విడిచి పౌరులయ్యారు. 1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. 1994 ఏప్రిల్ 27న అన్ని వర్ణాలవారు ఒకే వరుసలో నిలబడి ఓటు వేశారు.

సోదరులారా, ఇప్పుడు మన ముంగిలికి వద్దాము. మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం పేరిట వివక్షను నిషేధించింది, 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. మన దేశంలో అపార్థైడ్ చట్టం లేదు. అయినా చట్టం గీయని గీతలు కొన్ని ఉన్నాయి. తిరుపతిలో కానీ, చిత్తూరులో కానీ కొన్ని వీధుల్లో అద్దె ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు, పేరు విన్న తరువాత ఇల్లు వేరొకరికి మాటిచ్చామంటారు. ముస్లింలకు ఇళ్ళు దొరకడంలో ఉన్న ఇబ్బందిని, భద్రత కోసం ఒకేచోట గుంపుగా చేరవలసివస్తున్న స్థితిని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది.

దీనికి మనం చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి. మొదటిది, కాగితం. వివక్ష కాగితం మీద నడుస్తుంది, హక్కు కూడా కాగితం మీదనే నిలుస్తుంది. జనన ధ్రువపత్రం, పాఠశాల రికార్డు, రేషను కార్డు, ఓటరు జాబితాలలో ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా పేరు ఉన్న కుటుంబాలు మన మొహల్లాల్లో ఎన్నో ఉన్నాయి. పిల్లవాడికి బీసీ-ఇ ధ్రువపత్రం కావలసిన రోజున పరుగెత్తడం కాక, ఈ నెలలోనే సరిచేయించుకోండి. కులం, మతం అడిగే కాలమ్ దక్షిణాఫ్రికాలో గెంటివేయడానికి వాడారు. మన రిజర్వేషన్లలో అదే కాలమ్‌ను లోపలికి పిలవడానికి వాడుతున్నారు. ఆ తేడాను పిల్లలకు చెప్పండి.

రెండవది, మన ఇంటి శుద్ధి. హజ్రత్ బిలాల్‌ను కాబాపై అజాన్‌కు నిలబెట్టిన ధర్మం మనది. అయినా ఉర్దూ రాదని దూదేకుల సోదరుణ్ణి తక్కువగా చూసే ఇళ్ళు, సంబంధం మాట వచ్చేసరికి ముఖం తిప్పుకొనే ఇళ్ళు మనలో ఉన్నాయి. తెల్లవాడి తప్పు లెక్కించిన వేలితోనే దీనినీ లెక్కించాలి.

మూడవది, పొరుగువాడి పక్షం. మన పల్లెల్లో దళితవాడ ఊరికి దూరంగానే ఉన్నది. అక్కడివారికి శ్మశానానికి దారి లేదన్న అర్జీ పెట్టినప్పుడు మన సంతకం కూడా దానిపై ఉండాలి. మనకు ఇల్లు నిరాకరించినప్పుడు వారి సంతకం మన అర్జీపై ఉంటుంది. మన మాట కలిపే హిందూ మిత్రులు, ఇల్లిచ్చే సజ్జనులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారిని వెతికి కలుపుకోవాలి, ఒకరి దుర్మార్గాన్ని అందరికీ అంటగట్టరాదు.

ఓడ పట్టీలో నంబరుగా మారిన మన సీమ కూలీ మనవలు ఈనాడు ఆ దేశంలో సమాన పౌరులు. దానికి 134 ఏళ్ళు పట్టింది. మన మసీదు కమిటీలు నెలకొక ఆదివారం కాగితాలు సరిచేసే పనికి కేటాయిస్తే, దరఖాస్తులు రాయడానికి మేము, మాతో పాటు విశ్రాంత ఉద్యోగులైన మా మిత్రులు వచ్చి కూర్చుంటాము. రుసుము ఏమీ లేదు. ఏ మొహల్లా ముందు పిలుస్తుందో ఈ సభ ముగిసేలోగా చెప్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాము. వస్సలాం.