పిస్తోలు విద్య: నిగ్రహమే వినోదము



సాంస్కృతిక సభలో తుపాకిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. అయితే దసరా పండుగనాడు ఆయుధములకు పూజచేసి, జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేయు ఆచారము మనది. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను ఆ చెట్టుపైననే దాచిరి. ఆయుధమెత్తుట యెరిగినవానికి దానిని దించి దాచుటయు తెలిసియుండవలెనని ఆ కథ తెలుపుచున్నది. చేతి తుపాకులయందు ప్రీతిగలవారి ఆనందమునకు గూడ మూలము ఈ నిగ్రహమే.

ఈ ప్రీతి మూడు విధములు: సేకరించుట, గురిచూచి కాల్చుట, వెంట ధరించుట.

సేకరించువానికి తుపాకి ఒక యంత్రశిల్పము. 1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ తన రివాల్వరునకు పేటెంటు పొందెను. తూటాల చక్రము ఒక్కొక్క గది చొప్పున తిరిగి, గొట్టమునకు సరిగా ఎదురుగా వచ్చి నిలుచుటయే అందలి చమత్కారము. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలును అమెరికా సైన్యము 1911లో స్వీకరించెను. గుండు వెడలునపుడు పుట్టిన ఎదురుదెబ్బయే అందు ఖాళీ తొడుగును బయటికి నెట్టి, క్రొత్త తూటాను లోనికి తెచ్చును. పాత గడియారమును విప్పి చక్రములను చూచి మురియువాని సంతోషము వంటిదే ఈ సంతోషము. కాని మన దేశమున ఈ వేడుకకు హద్దు కలదు. 1959 నాటి ఆయుధముల చట్టము సామాన్య లైసెన్సుదారునకు మూడు తుపాకులు అనుమతింపగా, 2019 సవరణ వానిని రెండింటికి తగ్గించినది. తాతతండ్రులనుండి సంక్రమించినవియు ఈ లెక్కలోనివే. అంతకుమించి చూడగోరువారికి హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములోని ఆయుధశాల వంటివి కలవు. కన్నులకు లైసెన్సు అక్కరలేదు.

ఇక గురి విషయము. లోక్‌సభ తొలి సభాపతి మవలంకర్ పూనికతో 1951లో జాతీయ రైఫిల్ సంఘము ఏర్పడినది. నేడు ఈ విద్యలో మొదటి మెట్టు పది మీటర్ల ఎయిర్ పిస్తోలు. ఇందు మందుగుండు లేదు. గాలి ఒత్తిడిచే 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు వెడలును. పది మార్కుల వలయము అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఒంటిచేత పట్టి, 75 నిమిషములలో 60 గుండ్లు కాల్చవలెను. ఊపిరిని నిలిపి, మనస్సును కుదిర్చి, వ్రేలిని మెల్లగా నొక్కవలెను. గురి చెదరినదని తోచిన క్షణమున కాల్చక చేయి దించువాడే నేర్పరి. కాల్చిన గుండునకే కాదు, కాల్చక మానిన గుండునకును విలువగల క్రీడ యిది.

హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ కుడిచేయి 1938లో చేబాంబు ప్రేలి ధ్వంసమైనది. అతడు ఎడమచేత మరల విద్య నేర్చి 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్సులలో రాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణములు గెలిచెను. మన మను భాకర్ కథయు నిట్టిదే. 2021లో టోక్యోలో పోటీ నడుమ ఆమె పిస్తోలు చెడి, కాలము వ్యర్థమై, ఫైనలు చేజారెను. 2024లో పారిస్‌లో ఆమెయే రెండు కాంస్యపతకములు సాధించినది. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణము, మూడు రజతములు తెచ్చి తెలుగునాటికి కీర్తి కూర్చినది.

మూడవది వెంట ధరించుట, కష్టమంతయు ఇక్కడనే. 1878 నాటి ఆయుధ చట్టము ఐరోపావారిని విడిచి భారతీయులకే లైసెన్సు విధించుట మన పెద్దలకు అవమానమయ్యెను. నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరులకుండవలెనని 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానించినది. స్వతంత్ర భారతము గూడ లైసెన్సును తొలగింపలేదు. ఆ నిర్ణయము సమంజసమే. ప్రాణభయము నిజముగా గలవానికి పిస్తోలు రక్షణ. గొప్పకై నడుమున దోపుకొన్నవానికి అది దినదిన గండము. ధరించినవాడు కోపము తెచ్చుకొను స్వేచ్ఛను పోగొట్టుకొనును. త్రోవలో ఎవడైన తిట్టినను తలవంచి పోవలసినవాడు అతడే. జాతరలకు, ఊరేగింపులకు, విద్యాలయములకు ఆయుధము తీసికొనిపోరాదని లైసెన్సు షరతు. పెండ్లిండ్లలో వేడుకకై నిర్లక్ష్యముగా కాల్చి ఇతరులకు అపాయము కలిగించువానికి రెండేండ్ల వరకు జైలో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది. ఆకాశమునకు పోయిన గుండు ఆకాశమున నిలువదు. ఎవరి ముంగిటనో పడును.

ఇల్లాండ్రు గమనింపవలసిన మాట యొకటి. ఇంట తుపాకి యున్నచో తూటాలు వేరొకచోట, రెండును తాళమునందు ఉండవలెను. ఖాళీయని ఎవరు చెప్పినను నిండుగా నున్నదనియే భావింపవలెను. మనిషివైపు గొట్టము త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలు ట్రిగ్గరును తాకరాదు. ఈ నియమములు విసుగనిపించువాడు ఈ వేడుకకు తగడు. పిల్లలకు ఆసక్తి యున్నచో తుపాకిని బీరువాలోనుండి తీసి చూపుట కాదు, శిక్షకుని యెదుట ఎయిర్ పిస్తోలు పట్టించుట మేలు. అక్కడ వారు మొదట నేర్చునది కాల్చుట కాదు, నిశ్చలముగా నిలుచుట. ఆ నిలుకడ చదువునందును, కొలువునందును, కాపురమునందును పనికివచ్చును.