నీటిపాచియు, వృక్షముల హార్మోనులును
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరికవేళల ఈ గ్రంథాలయమున కావ్యములు చదివికొన్నవాడను నేను. కావ్యములలో శైవలము తామరపూవునకు తోడుగా కనబడునే గాని, దానినే ప్రధానముగా వర్ణించిన కవి అరుదు. శాస్త్రజ్ఞులు మాత్రము ఆ నాచునకు పెద్దపీట వేసిరి. చెట్లను పెంచు హార్మోనులు నాచును గూడ పెంచునా యనునదియే నేటి ప్రసంగవిషయము.

చెరువునీటిని పచ్చబరచు నాచులలో క్లోరెల్లా యొకటి. ఇది ఒకే కణము గల జీవి. మిల్లీమీటరులో నూరవవంతునకు మించదు. 1890లో హాలెండు దేశీయుడగు బైయెరింక్ దీనిని ఇతరజీవులనుండి వేరుచేసి పెంచెను. దీనికి వేరు లేదు, కాండము లేదు, ఆకు లేదు. కణము పెద్దదై, లోపలనే నాలుగుగనో ఎనిమిదిగనో విభక్తమై, పైపొర చీలగా పిల్లకణములు వెలువడును. దీని సంసారమంతయు ఇంతియే.

ఇక హార్మోనుల మాట. 1880లో డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డిమొలకలను పరీక్షించి, వెలుతురును గ్రహించునది మొలకకొన యనియు, వంగునది దాని క్రిందిభాగ మనియు, కొననుండి ఏదో ప్రేరణ దిగుచున్న దనియు చెప్పిరి. 1928లో హాలెండువాడే యగు వెంట్ ఆ ప్రేరణ ఒక పదార్థమని ఓట్సుమొలకలపై చూపెను. అదియే ఆక్సిన్. 1926లో జపాను శాస్త్రజ్ఞుడు కురొసావా, వరిమొక్కలు అమితముగా సాగి పాలిపోయి పడిపోవు తెగులునకు ఒక బూజు స్రవించు పదార్థము కారణమని కనుగొనెను. జపానువారు ఆ తెగులును ‘వెర్రి మొలక’ యందురు. ఆ పదార్థమే జిబ్బరెల్లిన్. 1955లో అమెరికాలో కణవిభజనను ప్రేరేపించు కైనెటిన్ తేలెను. ఆ జాతివానికి సైటోకైనినులని పేరు.

వేరును కాండమును లేని ఏకకణమునకు వీనితో నేమి పని యని అడుగవచ్చును. పని కలదు. పోలెండులోని బియాలిస్టాక్ విశ్వవిద్యాలయమువారు క్లోరెల్లాపై ఆక్సినులను, సైటోకైనినులను ప్రయోగించి చూచిరి. స్వల్పమాత్రలో కణముల సంఖ్య హెచ్చెను. పత్రహరితమును, మాంసకృత్తులును వృద్ధిపొందెను. మాత్ర మితిమీరినచో ఆ పదార్థమే పెరుగుదలను అణచెను.

స్వల్పమనగా నెంత? ఆక్సినులలో ముఖ్యమగు ఇండోల్ ఎసిటిక్ ఆమ్లమును ఒక్క గ్రాము తీసికొని, సుమారు 5,700 లీటర్ల నీటిలో కలిపినచో ఒక మైక్రోమోలార్ గాఢత యేర్పడును. నాచునకు ఉపకరించునవి ఇట్టి సూక్ష్మప్రమాణములే. రైతులెరిగిన కలుపుమందు 2,4-డి సైతము కృత్రిమమైన ఆక్సినే. మితమున పోషించు గుణమే అతిమాత్రలో వెడల్పాకు కలుపును చంపుచున్నది.

సాంగత్యమహిమ గూడ ఇందు కలదు. జీవన ఎరువుగా మనకు పరిచితమైన అజోస్పిరిల్లమ్ బాక్టీరియాను క్లోరెల్లాతో కలిపి పెంచగా నాచు చక్కగా వృద్ధిచెందినదని మెక్సికోలోని పరిశోధకులు చూపిరి. ఆక్సినును తగినంత తయారుచేయజాలని అజోస్పిరిల్లమ్ రకములను జతపరచినప్పుడు ఆ వృద్ధి లేదని 2008లో ప్రకటించిరి. అనగా పొరుగువాడు పంపిన ఆక్సినే నాచును పెంచినదన్నమాట.

మరియొక విశేషము. భూమిపై మొక్కలలో ఆక్సినును గుర్తించు గ్రాహకమును 2005లో కనుగొనిరి. ఆ గ్రాహకము క్లోరెల్లావంటి పచ్చనాచులలో లేదు. మాట ఒకటే యైనను నాచు దానిని వినెడి చెవి వేరు. కావున వరికి పనిచేసిన మందు చెరువునకును అట్లే పనిచేయునని తలపరాదు.

లెక్కలవాడను గనుక లెక్కలభాషలోనే చెప్పెదను. నాచునకు వెలుతురు, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరము అనునవి జమ. హార్మోను జమ కాదు. ఉన్న జమను ఖర్చుచేయుమను ఉత్తరువు మాత్రమే. గాదెలో గింజ లేనప్పుడు ఉత్తరువెన్ని వచ్చినను అన్నము పుట్టదు.

చేపలచెరువులు గల సోదరులు ఈ మాటను మనసున నుంచుకొనవలెను. కొంత నాచు చేపపిల్లల ఆహారమునకు ఆధారము. అది మితిమీరినచో రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువును తానే పీల్చివేయును; తెల్లవారునప్పటికి చేపలు పైకితేలి నోళ్లు తెరచును. ఒక్క రాత్రితో ఏడాది కష్టము నీటిపాలగును. ‘వృద్ధిమందు’ అని సీసా చేతబట్టి వచ్చినవానిని మొదట మూడు ప్రశ్నలు అడుగుడు: ఇందులో నున్న పదార్థమేది? ఎన్ని లీటర్లకు ఎంత? ఏ జీవిపై పరీక్షించిరి? సమాధానము దొరకనిచో సొమ్ము మొలనే యుంచుకొనుడు.

ఆ ప్రశ్నలడుగు నేర్పు చదువువలన కలుగును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన గ్రామమున చేయుచున్న పని అదియే. ఇది మరింత వర్ధిల్లుగాక.